వీలైతే కార్ల మ్యూజియం

విశాఖ బీచ్‌రోడ్డులో జలాంతర్గామి ఒడ్డెక్కి కూర్చుంది. ఐఎన్‌ఎస్ కురుసుర 2001లో నౌకాదళం కొలువు మానేసి, మరుసటి ఏడు నుంచి టికెట్టు కొన్నవాళ్లని కడుపులో తిప్పుతోంది. దాని ఎదురుగా 2017 డిసెంబరు నుంచి టీయూ-142 విమానం రెక్కలు చాపుకుని ఉంది. నీళ్లలో తిరిగినదానికీ గాలిలో తిరిగినదానికీ ఇంత మర్యాద చేసిన ఊరు, నేల మీద తిరిగినవాటిని ఏం చేసిందయ్యా అని అడిగితే గాజువాక వాళ్లు ఆటోనగర్ వైపు గెడ్డం ఎత్తి చూపిస్తారు. ఇంజను ఒక షాపులో, డోర్లు ఇంకో షాపులో, మూడో షాపు ముందు బానెట్టు గొడుగులా నిలబెట్టి దాని నీడన టీ తాగుతున్న కుర్రాడు. అదే మన అంబాసిడరు. 2014 మేలో ఉత్తర్‌పారా ఫ్యాక్టరీ ఆగిపోయినప్పుడు అందరం నిట్టూర్చాం, నిట్టూర్చి స్పేర్ పార్టులకి బేరమాడాం.

ఇందులో ఆటోనగర్ తప్పేమీ లేదు, చట్టమే అలా ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన సర్కారు బండి తుక్కు. సొంత బండికైతే పదిహేనేళ్లకి రిజిస్ట్రేషన్ తీరిపోతుంది, ఆ తర్వాత ఐదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించుకోవాలి. ఎలాగో యాభై దాటిందా, 2021 జులైలో వచ్చిన నిబంధన ప్రకారం అది వింటేజ్. ఇరవై వేలు కట్టించుకుని, నంబరు మధ్యలో ‘వీఏ’ అక్షరాలు తగిలించి, ఇక రోజువారీ రోడ్డెక్కొద్దు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ మాత్రమే బయటికి రా అంటారు. అంటే పదిహేనుకీ యాభైకీ నడుమ ఉన్న ముప్ఫై ఐదేళ్లూ బండి తాను బతికే ఉన్నానని ఆఫీసుల చుట్టూ తిరిగి రుజువు చేసుకుంటూ ఉండాలి. ప్రతి నవంబరులో లైఫ్ సర్టిఫికెట్టు పట్టుకుని బ్యాంకుకెళ్లే పెన్షనర్లకి ఈ బాధ వెంటనే అర్థమవుతుంది.

అర్థమైంది కూడా. ఉక్కు ఫ్యాక్టరీలో రిటైరైన ఫోర్‌మన్ మావయ్య, ఆటోనగర్ మేస్త్రీ, కూర్మన్నపాలెంలో ప్లాట్లు అమ్మే బావగారు, ఎవరూ అడక్కుండానే కన్వీనర్ బాధ్యత మోయడానికి ముందుకొచ్చిన ఒక మాస్టారు కలిసి, మంచి కార్ల మ్యూజియం ఒకటి బృందంగా చూసిరావాలని తీర్మానించారు. నన్నూ పిలిచారు. నాకు కార్ల గురించి తెలుసని కాదు, పేపర్లో పడాలి కదా అని.

మొదటి మీటింగు ‘ఎక్కడికి’ అన్న దగ్గరే తెల్లారింది. బావగారు హైదరాబాద్ అన్నారు. చౌమహల్లా ప్యాలెస్‌లో పసుప్పచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ ఉంది, 1912 మోడలు, వెనకసీటు సింహాసనంలా ఎత్తుగా కట్టించుకున్నది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కోసం చేయించారు. తీరా అది తయారై వచ్చేసరికి ఆయన లేడు. కారు ఆ తర్వాత తిరిగిందీ తక్కువే. “ప్లాటు బుక్ చేసుకుని రిజిస్ట్రేషన్ నాటికి పోయినట్టు ఉంది పాపం” అని బావగారు వృత్తిధర్మంగా బాధపడ్డారు. పిల్లలున్నవాళ్లు మాత్రం బహదూర్‌పురాలో సుధా కార్స్ అని పట్టుబట్టారు. అక్కడ కె.సుధాకర్ అనే ఆయన వంకాయలా, బర్గరులా, క్రికెట్ బ్యాటులా, చెప్పులా కార్లు చేసిపెట్టారు. అవన్నీ నడుస్తాయి. 2005లో ప్రపంచంలోకెల్లా పెద్ద మూడుచక్రాల సైకిలు చేసి గిన్నిస్‌లోకి ఎక్కిన మనిషి. “వంకాయ కారు చూడ్డానికి అంతదూరం ఎందుకండీ, మా షెడ్డుకి రండి, యాక్సిడెంటయి వచ్చినవి దొండకాయ ఆకారంలో కూడా ఉన్నాయి” అన్నాడు మేస్త్రీ.

చివరికి కోయంబత్తూరు ఖాయమైంది. అక్కడ అవినాశి రోడ్డులో జీడీ కార్ మ్యూజియం ఉంది. 2015లో తెరిచారు. ప్రభుత్వానిది కాదు, జి.డి.నాయుడు కుటుంబం పెట్టింది. దేశదేశాల పాత కార్లని బాగుచేసి, మెరుగుపెట్టి వరసగా నిలబెట్టారు.

జి.డి.నాయుడు అంటే గోపాలస్వామి దొరస్వామి నాయుడు. 1893లో కోయంబత్తూరు దగ్గర కలంగల్‌లో తెలుగు మాట్లాడే ఇంట్లో పుట్టాడు. బడి ఆయనకి పడలేదు. ఒకరోజు ఒక తెల్లదొర మోటారు సైకిలు మీద వెళ్తుంటే చూసి నిద్రపట్టలేదు. కోయంబత్తూరు వెళ్లి హోటల్లో సర్వరుగా చేరి, రూపాయి రూపాయి కూడబెట్టి, మళ్లీ ఆ దొర దగ్గరికే వెళ్లి ఆ బండే కొన్నాడు. కొన్నవాడు ఊళ్లో షికారు కొట్టాలి కదా? కొట్టలేదు. నట్టు నట్టూ విప్పేసి, ఏది ఎందుకుందో చూసి, మళ్లీ బిగించాడు.

ఈ సంగతి మాస్టారు చదివి వినిపించినప్పుడు మేస్త్రీ కళ్లు చెమ్మగిల్లాయి. “అయితే మనోడేనండీ” అన్నాడు.

1920లో అప్పు తెచ్చి ఒక్క బస్సు కొని, పొల్లాచ్చి నుంచి పళనికి తనే డ్రైవరుగా నడిపాడు. అదే తర్వాత యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయి, వందల బస్సుల కంపెనీగా పెరిగింది. టైముకి బయల్దేరడంలో ఆ బస్సులకి పెద్ద పేరు. (ఈ వాక్యం దగ్గర మా మీటింగులో చిన్న నిశ్శబ్దం పాటించారు. ఆరింటికని పిలిచిన మీటింగు అది, ఏడున్నరకి మొదలైంది.) 1936లో ఎన్నికల్లో నిలబడి ఓడిపోయాడు. 1937లో డి.బాలసుందరం నాయుడితో కలిసి దేశంలోనే మొదటిదని చెప్పుకునే ఎలక్ట్రిక్ మోటారు తయారుచేశాడు. 1952లో రెండు సీట్ల పెట్రోలు కారు తెచ్చాడు, ధర రెండు వేల రూపాయలు. లైసెన్సు ఇవ్వలేదు. దాంతో ఆ కారు ఆగిపోయింది. 1974లో ఆయన పోయాడు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద 10.1 కిలోమీటర్ల ఫ్లైఓవరు కట్టి, దానికి ఆయన పేరే పెట్టారు. మనిషి కారు చేస్తానంటే ఒక ప్రభుత్వం కాగితం ఇవ్వలేదు, డెబ్బై ఏళ్లు ఓపిక పడితే ఇంకో ప్రభుత్వం రోడ్డే ఇచ్చింది. ఆ రోడ్డు మీద ఆయన కారు తప్ప అన్ని కార్లూ పోతాయి.

ఇంత విన్నాక సభలో ఒకాయన లేచి గంభీరంగా ఒక సందేహం అడిగారు. “అంతా బాగుంది గానీ, ఏ నాయుడు?”

ఈ ప్రశ్నతో మీటింగుకి ఒక్కసారిగా ప్రాణం వచ్చింది. అంతవరకు ఫోన్లు చూసుకుంటున్నవాళ్లు కుర్చీలు ముందుకు లాక్కున్నారు. ఉత్తరాంధ్రలో నాయుడు అన్నది ఒక్క కులానికి రాసిచ్చిన మాట కాదు, కాబట్టి ఎవరి వాటా వాళ్లు అడిగారు. ఎలక్ట్రిక్ మోటారుకి అర నిమిషం పట్టిన సభ దీనికి గంట కేటాయించింది. మనమే ఇలా ఉన్నామని సిగ్గుపడక్కర్లేదు. కులం పేర్లు రోడ్లకి వద్దని జీవో ఇచ్చిన ప్రభుత్వం ఫ్లైఓవరుకి నాయుడు పేరు ఎలా పెట్టిందని తమిళనాడులోనూ ఆ వారమంతా కొట్టుకున్నారు. తంబీలకీ మనకీ ఇన్నాళ్లకి కుదిరిన సాంస్కృతిక ఐక్యత ఇదొక్కటే.

సరే, అసలు కథ ఇక్కడి నుంచి.

ఏ మ్యూజియానికైనా మందగా వెళ్లేటప్పుడు ముందుగా రెండు ముక్కలు రాసి పంపడం మర్యాద. ఎంతమంది వస్తున్నాం, ఎన్నింటికి వస్తున్నాం. చూపించేవాళ్లు మనుషుల్ని పెట్టుకోవాలి, ఒక గుంపు వెనక ఇంకో గుంపు పడకుండా చూసుకోవాలి. మాస్టారు ఉత్తరం చక్కగా రాశారు. ‘అయ్యా’ దగ్గర మొదలెట్టి ‘తమ విధేయుడు’ దాకా ఒక్క తప్పు లేదు. ఆ రెండు అంకెల చోట మాత్రం గీతలు గీసి ఉంచారు. గాజువాకలో ఆ రెండు గీతల మీద అంకెలు వేయగలిగిన మగాడు ఇంకా పుట్టలేదు.

వాట్సాప్ గ్రూపులో ‘వచ్చేవారు పేరు రాయండి’ అని పెట్టారు. కొందరు బొటనవేలు పెట్టారు. కొందరు దండం బొమ్మ పెట్టారు. దండం పెట్టినవాళ్లు వస్తామన్నారో, మమ్మల్నొదిలేయండన్నారో తేలక, మాస్టారు వాళ్లకి వేరే కాలమ్ గీశారు. ఒకాయన ‘నేను రాను గానీ మా తోడల్లుడు వస్తే వస్తాడు’ అన్నాడు. ఇంకొకాయన ‘వాళ్లొస్తే నేను రాను’ అన్నాడు, ఆ వాళ్లెవరో చెప్పడు. ప్లాంటులో డ్యూటీ ఉన్నవాళ్లది ఇంకో గోల. ఏ షిఫ్టు వాళ్లు ఖాళీ అయ్యేసరికి బీ షిఫ్టు ఎక్కుతుంది, సీ షిఫ్టు వాళ్లు పగలంతా నిద్ర. అడ్వాన్సు కడితేనే పేరు రాస్తాం అని బెదిరిస్తే, “మీరు కట్టేయండి మాస్టారూ, మనలో మనకేటి, తర్వాత ఫోన్‌పే చేసేస్తాను” అన్న జవాబు అందరి దగ్గర్నుంచీ ఒకే పడికట్టులో వచ్చింది.

“ఇలగైతే ఎలగ? ఓ నెంబరు సెప్పండ్రా” అని ఫోర్‌మన్ మావయ్య కేకలేశాడు.

“ముప్ఫైకీ డెబ్బైకీ మధ్యలో రాసేయండి మావయ్యా” అన్నారు బావగారు.

“మరి టైము?”

“టిఫిన్లయ్యాక.”

కార్ల చరిత్రలో మొదటి దూరప్రయాణం ఎలా జరిగిందో ఈ సందర్భంలో గుర్తొచ్చింది. కార్ల్ బెంజ్ 1886లో తన మూడుచక్రాల బండికి పేటెంటు తీసుకున్నాడు గానీ, ఎవరూ కొనడం లేదు. 1888 ఆగస్టులో ఆయన భార్య బెర్తా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయనకి చెప్పకుండానే మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం నడిపించుకుపోయింది. దారిలో ఇంధనం అయిపోతే మందుల షాపులో కొన్నది. గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి తెరిచింది. ముగ్గురు మనుషులు. కన్వీనరు లేడు, కో-కన్వీనరు లేడు, గౌరవాధ్యక్షులు అసలే లేరు. మొగుడికే చెప్పని మనిషి వాట్సాప్‌లో పెడుతుందా? కార్లు లోకమంతా అమ్ముడుపోవడానికి కారణం ఆవిడ కమిటీ వేయకపోవడమేనని నా గట్టి నమ్మకం.

మనకి కమిటీ ఉంది కాబట్టి యాత్ర పెరిగింది. గాజువాక నుంచి కోయంబత్తూరు దాదాపు 1,300 కిలోమీటర్లు. దువ్వాడ మీదుగా పోయే ధన్‌బాద్–అలెప్పీ రైలు, మనవాళ్లు ఇప్పటికీ బొకారో అనే పిలిచేది, నేరుగా అక్కడ దించుతుంది. రైల్లో వెళ్లి, చూసి, మళ్లీ అదే రైల్లో తిరిగి రావచ్చు. ఇంత సులువైన పని మన ఇళ్లలో ఆడవాళ్లకి నచ్చుతుందా? అంతదూరం వెళ్లి ఇనప సామాను చూసి వచ్చేస్తారా, పక్కనే పళని ఉండగా? పళని వెళ్లాక మధుర మీనాక్షి ఏం పాపం చేసింది? మధుర దాకా వెళ్లి రామేశ్వరం వెళ్లకపోతే కాశీకి వెళ్లినప్పుడు తెచ్చుకున్న గంగనీళ్లు ఏం చేసుకోవాలి? ఇటు పిల్లలకి ఊటీ, అటు యువతకి ఈశా వాళ్ల 112 అడుగుల ఆదియోగి దగ్గర సెల్ఫీ. రైలు మాట పోయి బస్సు మాట వచ్చింది. బస్సు వచ్చాక వంటమనిషి, గ్యాస్ సిలిండరు, పప్పు, ఆవకాయ జాడీ వచ్చాయి. చివరికి అచ్చయిన ప్రోగ్రాం కాగితం మీద ఆ మ్యూజియం, పళని దర్శనానికీ చీరల షాపింగుకీ నడుమ, బ్రాకెట్లలో ‘వీలైతే’ అన్న మాటతో బతికి బయటపడింది.

ఈలోగా ఫ్లెక్సీ తయారైంది. ‘చారిత్రక వాహన సందర్శన యాత్ర’ అని పైన పెద్దక్షరాలు, కింద పాస్‌పోర్టు సైజులో యాభై మొహాలు. వస్తామని పేరు రాయనివాళ్ల మొహాలు కూడా అందులో ఉన్నాయి. ఎవరి ఫోటో చిన్నదైందో వాళ్లు అలిగారు. మధ్యలో ఒక కారు. మేస్త్రీ దగ్గరికెళ్లి పరకాయించి చూశాడు.

“ఇది నిన్నగాక మొన్న షోరూముకొచ్చిన మోడలు కదా తమ్ముడూ?”

“పాత బండి పెడితే గ్రాండుగా లేదన్నా” అన్నాడు ప్రింటింగ్ కుర్రాడు.

జెండా ఊపడానికి ఒక ప్రజాప్రతినిధిని పిలవాలన్నారు. ఆయన పార్టీ తేలాక, రెండో పార్టీ వాళ్లు ఇంకో ప్రజాప్రతినిధిని పిలవాలన్నారు. రెండు జెండాలు ఊపితే బస్సు ఏ వైపు కదలాలన్నది డ్రైవరు విచక్షణకి వదిలేశారు. టికెట్టు మీద రాయితీ అడుగుతూ ఇంకో అర్జీ. ఎందుకివ్వాలి అంటే, మేం ఉక్కునగరం వాళ్లం, ఆ కార్లన్నీ మా ఉక్కుతో చేసినవే అని రాయమన్నారు బావగారు.

ఫోర్‌మన్ మావయ్యకి ఇక్కడ మండింది. “ఏటి బావా, నోటికొచ్చింది రాసీడమేనా? ఇందిరాగాంధీ శంకుస్థాపన సేసింది 71 జనవరిలో. పీవీ జాతికంకితం సేసింది 92 ఆగస్టులో. నువ్వు సూడ్డానికెల్లీ కారు అప్పటికే తాతైపోనాది. అయినా మన ప్లాంటులో వచ్చేది కడ్డీ, వైర్‌రాడ్డు, స్ట్రక్చరల్సు. మేడల్లోకీ వంతెనల్లోకీ పోద్ది. కారు ఒంటికి కావాల్సింది సన్న రేకు, అది మనం సెయ్యం.” ముప్ఫై ఏళ్లు బ్లాస్ట్ ఫర్నేసు దగ్గర ఉడికినవాడు మాట్లాడుతుంటే ప్లాట్లు అమ్మేవాళ్లు ఎదురు చెప్పలేరు. బావగారు ఆ వాక్యం కొట్టేసి ‘పత్రికా ప్రతినిధులకు ఉచితం’ అని రాసుకున్నారు. నా వైపు చూసి కన్ను కూడా గీటారు.

ఇంత పెద్ద యాత్రకి ముందు చిన్న రిహార్సలు ఉంటే మంచిదన్న ఆలోచన మాస్టారిది. ఊళ్లోనే ఉన్న కురుసురకి బృందంగా వెళ్లి, లెక్క, టైము ఎలా కుదురుతాయో చూసుకుందాం అన్నారు. మంచి ఆలోచన. షిఫ్టులు, వీక్లీ ఆఫులు, షష్ఠీ ఉపవాసాలు అన్నీ కూడి తీసేసి, అందరికీ కుదిరిన రోజు పట్టుకున్నారు. ఆ రోజు పాత గాజువాక జంక్షన్లో కలుసుకుని, షీలానగర్ దాకా ట్రాఫిక్కుని తిట్టి, ఎన్‌ఏడీ ఫ్లైఓవరు మీద ఏ వంపు ఎటు దింపుతుందో తెలియక ఒకసారి చుట్టు తిరిగి, బీచ్ చేరారు. వచ్చినవాళ్ల సంఖ్య వస్తామన్నవాళ్ల సంఖ్యకి మించింది, వస్తామన్నవాళ్లు మాత్రం ఎక్కువమంది రాలేదు. ఈ లెక్క ఎలా కుదిరిందో మాస్టారికి ఇప్పటికీ అంతుపట్టలేదు. అందరికీ కుదిరిన ఆ రోజు సోమవారం. కురుసురకి సోమవారం సెలవు.

మరమరాల మసాలా తింటూ గేటు బయట అత్యవసర సమావేశం జరిగింది. సెలవు రోజు కనుక్కోకుండా రావడం మన తప్పు అని మేస్త్రీ అనబోయాడు గానీ, తీర్మానం మాత్రం వేరేలా వచ్చింది. దీనంతటికీ మూలకారణం గాజువాకకి సొంత మ్యూజియం లేకపోవడమే. మనం కోయంబత్తూరు దాకా ఎందుకు పోవాలి, మ్యూజియమే ఇక్కడికి రావాలి. స్థలం బావగారు చూపిస్తారు. ప్రభుత్వమే కట్టాలి, వారంలో ఏడు రోజులూ తెరిచి ఉంచాలి, ఎంతమంది వచ్చినా, ఎన్నింటికొచ్చినా కాదనకూడదు. ఎవరో ఉత్సాహంగా ‘కార్ల మ్యూజియం గాజువాక హక్కు’ అని నినాదం ఎత్తుకున్నారు. మావయ్య ఒక్క అరుపు అరిచాడు. “66లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అన్న మాట కోసం ముప్ఫై రెండు మంది సచ్చిపోనారు. మీ టికెట్టు రాయితీకి వాడీయకండి.” నినాదం మార్చారు, ఉద్యమం మారలేదు.

మరుసటి ఆదివారం లంక మైదానం దగ్గర టెంటు వేసి రిలే నిరాహార దీక్ష మొదలుపెట్టారు. టిఫిన్లయ్యాకే. పాత ఫ్లెక్సీనే కొత్త అక్షరాలు అతికించి వాడుకున్నారు. అందులో కారు మాత్రం షోరూము కారే. మేస్త్రీ రాలేదు. కోయంబత్తూరుకి ఒక్కడే రిజర్వేషన్ చేయించుకున్నాడని తెలిసి, క్రమశిక్షణా చర్య కింద గ్రూపులోంచి తీసేశారు. దీక్ష కవర్ చేయడానికొచ్చిన కుర్ర విలేఖరి పెన్ను తీసి, మొత్తం ఎంతమంది పాల్గొన్నారని మాస్టారిని అడిగాడు. టెంటు కింద ఏడుగురున్నారు, ఇద్దరు టెంటు వేసినవాళ్లు.

“వేలాదిగా” అన్నారు మాస్టారు, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా.